గజ్జికుక్క అని తరిమేముందు...

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన తెలుగులో ఒక మాటుంది, "గజ్జికుక్క" అని. ఎవరినైనా మరీ చులకన చేసి చెప్పాలంటే "గజ్జికుక్కను తరిమినట్టు తరిమేశారు" అంటాం. ఆ మాటలోనే తీర్పు కూడా ఉంది చూడండి. గజ్జి పట్టిన కుక్కను తరిమెయ్యాలే తప్ప దాన్ని బాగుచేయడమనేది ఉండదని! నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. మా ఇంటి కుక్కకే ఆ గతి పట్టి, దాన్ని వీధిలో వదిలేయడానికి సిద్ధమైన రోజున నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ సంగతీ, ఆ తర్వాత నేను తెలుసుకున్న నాలుగు విషయాలూ ఈ వేళ మీతో ముచ్చటిస్తాను. నేను డాక్టర్ని కాదు, పదో తరగతి చదువుకున్న ఇల్లాలిని. పొరపాటు చేసి నేర్చుకున్నదాన్ని కాబట్టి చెప్పే హక్కు కొంచెం ఉందనుకుంటాను.

అప్పుడు మేము తాండూరులో ఉండేవాళ్ళం. మావారికి నాపరాయి వ్యాపారంలో ఉద్యోగం. తాండూరు అంటే మీకు తెలుసు కదా, ఒకటి కందిపప్పు, రెండు నాపరాళ్ళు. మా అద్దె ఇల్లు కూడా నేలంతా బండలే, ప్రహరీగోడ కూడా రాయి మీద రాయి పేర్చిందే. మోతి అని ఒక నాటుకుక్క ఉండేది. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. వాడూ అదీ ఒక ప్రాణం.

ఒక చలికాలం మోతి చెవుల అంచులు పొట్టు రాలడం మొదలైంది. తర్వాత ముందుకాళ్ళ మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి, పక్కులు కట్టాయి. రాత్రంతా గోక్కునేది. గోకిన చోట రక్తం, రక్తం ఆరిన చోట పుండు. నేను కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. వేపాకు కాచిన నీళ్ళతో కడిగాను. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలు. ఇంతలో మా అబ్బాయి చేతుల మీదా, పొట్ట మీదా ఎర్రటి పొక్కులు! ఇక మా అత్తమ్మ ఊరుకుంటుందా? "పిలగానికంటింది. కుక్క కావాల్నా, కొడుకు కావాల్నా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

పక్కింట్లో ఉండే అక్క జాలిపడి ఒక డబ్బా తెచ్చి ఇచ్చింది. "లారీ ఇంజన్ల తీసిన కాలిన ఆయిల్ చెల్లె. ఒళ్ళంత పుయ్యి, మూడొద్దులల్ల గజ్జి మాడిపోతది" అంది. ఆమెను తప్పుపట్టను. ఆమెకు వాళ్ళ పెద్దలు అదే చెప్పారు. ఆ సాయంత్రం నేనే నా చేతులతో మోతికి ఒళ్ళంతా ఆ నల్లటి నూనె పూశాను. తెల్లారేసరికి అది ఒళ్ళంతా నాక్కుని, వాంతులు చేసుకుని, గోడవారన వణుకుతూ పడుకుని ఉంది. మావారు ఒక గోనెసంచీ తెచ్చారు. రాళ్ళ లారీలో ఎక్కించి ఊరి అవతల దించి రమ్మందామన్నారు. మోతి తల ఎత్తి నన్ను చూసి తోక ఒక్కసారి కదిలించింది. అంతే, నా వల్ల కాలేదు. ఆటో పిలిచి పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను.

డాక్టరుగారు వాసన చూసి, "ఏం పూసిండ్రమ్మా దీనికి?" అన్నారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. "పుండు మీద మందు పెట్టిండ్రు గని, పుండు ఎందుకైందని ఎవ్వరు అడగలే" అన్నారు. సోదరీమణులారా, ఈ వేళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కుక్క ఒంటి మీది పుండు రోగం కాదు, రోగం పంపిన ఉత్తరం. ఉత్తరం చదవకుండా చింపేస్తే ఏం లాభం?

ముందు ఆయన గోరువెచ్చని నీళ్ళూ, గిన్నెలు తోమే సబ్బునీళ్ళూ పెట్టి ఆ నూనెనంతా కడిగించారు. తర్వాత చెవి అంచును బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టును గాజుపలక మీద నూనెచుక్కలో వేసి, సూక్ష్మదర్శినిలో చూశారు. నన్నూ చూడమన్నారు. గుండ్రంగా, పొట్టి కాళ్ళతో, కంటికి మామూలుగా కనిపించని ఒక ప్రాణి మెల్లగా కదులుతోంది. అదీ గజ్జిపురుగు! ఆడపురుగు చర్మం లోపల సన్నటి సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుందట. ఆ గుడ్లు పొదిగి, పెరిగి, మళ్ళీ గుడ్లు పెట్టే దశకు రావడానికి రెండు మూడు వారాలు. నేను పైన రాసిన పసుపు ఆ సొరంగంలోకి ఎలా పోతుంది చెప్పండి?

అందుకని మనం మొదట నేర్చుకోవలసింది మందుల పేర్లు కాదు, చూడటం. పుండు ఒంటి మీద ఎక్కడుంది, ఎలా ఉంది అన్నది గమనిస్తే సగం సంగతి మనకే తెలుస్తుంది. మిగతా సగం డాక్టరుగారికి చెప్పడానికి పనికొస్తుంది.

చెవి అంచులు, మోచేతులు, వెనకకాళ్ళ మడమలు, పొట్ట. ఈ చోట్ల వెంట్రుకలు ఊడి, పక్కు కట్టి, పగలూ రాత్రీ విపరీతమైన దురద ఉంటే గజ్జి అని అనుమానించాలి. దీనికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష ఉంది. కుక్క చెవి అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా రుద్దండి. వెంటనే వెనకకాలు గోకుతున్నట్టు దానంతటదే ఆడిందంటే గజ్జి అయ్యే అవకాశం ఎక్కువ. ఇది మనుషులకూ అంటుతుంది. కానీ భయపడకండి. కుక్క గజ్జిపురుగు మన ఒంటి మీద సంతానం పెంచుకోలేదు. కుక్కకు వైద్యం చేస్తే మనుషుల దురద కొన్ని వారాల్లో పోతుంది. మా అబ్బాయికి అలాగే పోయింది. పిల్లవాణ్ణి కాపాడటానికి కుక్కను వదిలేయనక్కర్లేదు, కుక్కకు వైద్యం చేయిస్తే చాలు. మా అత్తమ్మ ప్రశ్నకు జవాబు ఇదన్నమాట!

తోక మొదట్లో, నడుము మీద, వెనక తొడల దగ్గర దురదా పుండ్లూ ఉంటే అది ఫ్లీ అనే పురుగు పని కావచ్చు. రెక్కలు లేకుండా ఎగిరి దూకే చిన్న నల్లపురుగు ఇది. కొన్ని కుక్కలకు దాని ఉమ్మి పడదు. నాలుగు పురుగులు కుట్టినా ఒళ్ళంతా కొరుక్కుంటాయి. పురుగు కనిపించకపోతే ఇలా చేయండి. కుక్కను సన్నదువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక వచ్చిందా, అది మట్టి కాదు, ఫ్లీ తాగి విసర్జించిన రక్తం. ఇందులో ఇంకో సంగతుంది. కుక్క మీద మనకు కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో నూటికి అయిదు వంతులే. మిగతా తొంభై అయిదూ గుడ్లుగా, పిల్లలుగా గోనెపట్టాల్లో, చాపల కింద, బండల సందుల్లో ఉంటాయి. అందుకే కుక్కకు మాత్రమే మందు వేసి, అది పడుకునే చోటు వదిలేస్తే నెల తిరక్కుండా మళ్ళీ మొదటికి వస్తుంది.

చెవి లోపల, మెడ కింద, కాలివేళ్ళ సందుల్లో గింజల్లా అంటుకుని ఉండేవి పిడుదులు. కొందరు గోమార్లు అంటారు. పీకిన చోట తల ఇరుక్కుపోతే అక్కడ పుండవుతుంది. వీటి ఆడది రక్తం తాగి ఉబ్బి, కుక్క నుంచి దిగి, గోడ పగుళ్ళలోకి పోయి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మా తాండూరు ఇంటి రాతిగోడ సందులు వాటికి పుట్టిల్లయిపోయాయి. సున్నంతో, సిమెంటుతో ఆ సందులు పూడ్చాకే వాటి బెడద తగ్గింది.

తర్వాత మేము వికారాబాదు వచ్చాం. తాండూరు నుంచి రైల్లో గంటలోపు ప్రయాణమే అయినా వాతావరణం వేరు. ఇక్కడ అనంతగిరి అడవి దగ్గర, చెట్టూ పుట్టా ఎక్కువ. మా వీధిలో ఒకరింట్లో అందమైన పెంపుడు కుక్క ఉండేది. దానికి పిడుదులు పట్టి ఒంటి మీద పుండ్లు పడితే వాళ్ళు నెలరోజులు పుండ్లకు పౌడరు చల్లుతూ కూర్చున్నారు. కుక్క తిండి మానేసింది, చిగుళ్ళు తెల్లబడ్డాయి, ఒకరోజు ముక్కు నుంచి రక్తం కారింది. అప్పుడు పరిగెత్తారు. రక్తపరీక్షలో పిడుదుల జ్వరం అని తేలింది. అప్పటికే ఆలస్యమైంది. పిడుదు రక్తం తాగి ఊరుకోదు, ఎర్లిషియా, బబేసియా అనే సూక్ష్మజీవులను రక్తంలోకి వదులుతుంది. పైన పుండు మానుతున్నా లోపల రక్తం తరిగిపోతూనే ఉంటుంది. కాబట్టి పిడుదులున్న కుక్క మందకొడిగా ఉన్నా, అన్నం ముట్టకపోయినా, జ్వరం తగిలినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఒక్కపూట కూడా ఆగవద్దు. వేళకు పట్టుకుంటే నయమయ్యే జబ్బే ఇది.

పిల్లకుక్కలకు కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, ముందుకాళ్ళ మీద అక్కడక్కడ వెంట్రుకలు ఊడి, దురద అంతగా లేకపోతే అది డెమోడెక్స్ అనే ఇంకో రకం పురుగు. పుట్టిన మొదటి రోజుల్లో పాలు తాగుతున్నప్పుడు తల్లి నుంచి వస్తుంది. మనుషులకు అంటదు. ఒకటి రెండు మచ్చలైతే చాలామటుకు వాటంతటవే పోతాయి. ఒళ్ళంతా పాకినా, పెద్దవయసు కుక్కకు కొత్తగా వచ్చినా లోపల ఇంకేదో జబ్బు దాని శక్తిని తగ్గించి ఉండవచ్చు.

రూపాయి బిళ్ళలా గుండ్రంగా వెంట్రుకలు ఊడి, అంచున పొట్టు ఉంటే తామర కావచ్చు. ఇది బూజుజాతి జబ్బు. పిల్లలకు తేలిగ్గా అంటుతుంది. రాలిన వెంట్రుకల్లో నెలల తరబడి బతికి ఉంటుంది. ఇంట్లో పిల్లలకు కూడా గుండ్రటి మచ్చలు కనిపిస్తే ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి, పిల్లలకు పిల్లల డాక్టరు, కుక్కకు పశువుల డాక్టరు.

చీముపొక్కులు, పసుపురంగు పక్కులు, దుర్వాసన ఉంటే బాక్టీరియా చేరిందన్నమాట. అయితే ఇది చాలాసార్లు రెండో దొంగే! మొదటి దొంగ పైన చెప్పిన పురుగో, ఎలర్జీయో, తడో అయి ఉంటుంది. చర్మం చెడితే తలుపు తెరిచినట్టే, తర్వాత ఎవరైనా వస్తారు. అందుకే చీముకు మందు వాడి తగ్గినా, మొదటి దొంగను పట్టుకోకపోతే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఏడాదిలో మూడుసార్లు అదే పుండు వచ్చిందంటే మందు మార్చడం కాదు, కారణం వెతకడం మొదలుపెట్టాలి.

వానాకాలంలో రెండు ప్రమాదాలు. ఒకటి, ఒత్తు వెంట్రుకల కుక్కలకు తడి ఆరక, పొద్దున లేని పుండు సాయంత్రానికి అరచేయంత అవుతుంది. చెమ్మగా, ఎర్రగా, ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉంటుంది. కుక్క నాకేకొద్దీ పెరుగుతుంది. రెండోది మరీ ఘోరం. మానని పుండు మీద ఈగలు గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పుండులో పురుగులు పడతాయి. ఇవి మాంసాన్నే తింటూ లోపలికి పోతాయి. పైకి చిన్న రంధ్రం కనిపించినా లోపల పెద్ద గుంట ఉండవచ్చు. కిరోసినూ, టర్పెంటైనూ పోస్తే బతికి ఉన్న మాంసం కాలిపోతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. ఆ పూటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళవలసిందే.

ఇక మన ఊళ్ళకే ప్రత్యేకమైన సంగతి ఒకటి. నాపరాయి నేల మనకు చల్లగా హాయిగా ఉంటుంది, తుడుచుకోవడం తేలిక. కానీ బరువైన కుక్క, ముసలి కుక్క, ఏళ్ళ తరబడి ఉత్త బండ మీద పడుకుంటే మోచేతి ఎముకకూ రాయికీ మధ్య చర్మం నలిగి, కాయ కాసి, ఒకనాటికి పగిలి పుండవుతుంది. దానికి ఏ లేపనం రాసినా మానదు. దానికి మందు పాత బొంత! మెత్తటి పరుపు ఒకటి వేస్తే సగం వైద్యం అయిపోయినట్టే. అదే నాపరాయి ఎండాకాలం మధ్యాహ్నం వాకిట్లో నిప్పులా ఉంటుంది. కుక్క అరికాళ్ళు బొబ్బలెక్కి, తోలు ఊడి కుంటుతుంది. మన చేయి వెనకవైపు ఆ బండ మీద పెట్టి ఏడు అంకెలు లెక్కపెట్టండి. అంతసేపు ఓర్చుకోలేకపోతే కుక్కనూ దాని మీద నడిపించకూడదు.

ఇక వైద్యం సంగతి. గజ్జిపురుగుకు ఇప్పుడు మంచి మందులున్నాయి. మోతికి ఇచ్చినది ఐవర్‌మెక్టిన్. ఈ మందుకు ఒక కథ ఉంది. 1970ల్లో జపాన్‌లో సతోషి ఒమురా అనే శాస్త్రవేత్త ఒక గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టిలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నారు. అది తయారుచేసే పదార్థం పురుగులను చంపుతుందని అమెరికాలో విలియం కాంప్‌బెల్ బృందం తేల్చింది. ఆఫ్రికాలో లక్షలమంది కళ్ళు పోగొట్టిన రివర్ బ్లైండ్‌నెస్ అనే వ్యాధికీ, మన దగ్గరి బోదకాలుకూ అది ఆయుధమైంది. ఆ ఇద్దరికీ 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చూశారా, పిడికెడు మట్టి నుంచి వచ్చిన మందు మా తాండూరు మోతి దాకా వచ్చింది!

అయితే మందుల షాపులో అడిగి తెచ్చి మనమే వేయకూడదు సుమా. బరువును బట్టి లెక్కకట్టి ఇవ్వాలి. కోలీ, షీప్‌డాగ్ వంటి జాతులకు ఈ మందు మెదడుకెక్కి ప్రాణం తీయవచ్చు. పశువులకు వాడే సీసా నుంచి అందాజుగా వేసి కుక్కను పోగొట్టుకోవద్దు. ఫ్లీలకూ, పిడుదులకూ, గజ్జికీ కూడా పనిచేసే నమిలే మాత్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి కూడా మూర్ఛలు వచ్చే కుక్కలకు జాగ్రత్తగా ఇవ్వాలి, ఆ సంగతి ముందే డాక్టరుగారికి చెప్పాలి. చీముపుండ్లకు వేసే మందులు మూడు వారాలూ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువా వాడాలి. పైకి మానింది కదా అని వారానికే ఆపేస్తే బాక్టీరియా మొండికెక్కుతుంది, మరోసారి ఆ మందుకు లొంగదు. కుక్కకు ఖరీదైన జబ్బు ఏదైనా ఉంటే హైదరాబాదులో రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం అక్కడిదే.

మరి డాక్టరు దగ్గరకు వెళ్ళేలోగా ఇల్లాలు చేయగలిగిందేమిటి? చాలా ఉంది. పుండు చుట్టూ వెంట్రుకలను జాగ్రత్తగా కత్తిరించండి. అరలీటరు నీళ్ళు కాచి చల్లార్చి, ఒక టీస్పూను ఉప్పు కలిపి, దూదితో మెల్లగా కడగండి. పోవిడోన్ అయోడిన్ ఉంటే నీళ్ళలో కలిపి పలచటి టీ రంగు వచ్చేలా చేసి తుడవవచ్చు. మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి. గట్టిగా కట్టు కట్టవద్దు, లోపల చెమ్మ చేరుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నాకకుండా చూడటం. కుక్క నాలుకలో మందుందని మన నమ్మకం. నిజానికి నాకేకొద్దీ పుండు పెద్దదవుతుంది. మెడకు తొడిగే గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది. దొరక్కపోతే గట్టి అట్టముక్కను గరాటులా చుట్టి, అంచులకు గుడ్డ కుట్టి మీరే చేసుకోవచ్చు. కుట్టుమిషను ఉన్న ఇంట్లో ఇది ఎంతసేపు!

పిడుదును తీసేటప్పుడు పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. వేళ్ళతో నలపవద్దు, సబ్బునీళ్ళలో వేయండి. కుక్క పడుకునే గుడ్డలను వారానికొకసారి వేడినీళ్ళలో ఉతికి ఎర్రటెండలో ఆరేయండి. ఇంట్లో రెండు కుక్కలుంటే, గజ్జి ఒకదానికే కనిపించినా వైద్యం రెండింటికీ జరగాలి.

చేయకూడనివి కూడా చెప్పుకోవాలి. కాలిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్, ఫినాయిల్, చిక్కటి డెట్టాల్ కుక్క ఒంటికి తగలనివ్వద్దు. చర్మం కాలుతుంది, నాకితే లోపల కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు చెడతాయి. ఒకవేళ ఎవరైనా పూసేసి ఉంటే వాంతి చేయించవద్దు, సబ్బుతో కడిగి వెంటనే తీసుకెళ్ళండి. మన ప్రాంతంలో పత్తికీ కందికీ కొట్టే పురుగుమందు ఇంట్లో మిగిలి ఉంటుంది. "పురుగుమందే కదా, పిడుదులు చస్తాయి" అని అది పూసేవాళ్ళున్నారు. పిడుదులతో పాటు కుక్కా చస్తుంది. పూసిన మనిషికీ ప్రమాదమే. మనం వాడే చర్మపు ట్యూబులు కూడా వద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే స్టెరాయిడ్ దురదను అణచి, గజ్జినీ తామరనూ లోలోపల పెంచుతుంది. జింక్ ఉన్న క్రీములు నాకితే విషం. పిడుదులు పోతాయని వెల్లుల్లి తినిపించేవాళ్ళున్నారు. అది కుక్క రక్తకణాలను పాడుచేస్తుంది.

మన పెద్దల వైద్యమంతా పనికిరానిదని మాత్రం నేననను. గంధకం గజ్జికి నిజంగానే మందు. పశువైద్యంలో సున్నమూ గంధకమూ కలిపిన ద్రావణం ఈనాటికీ వాడుతున్నారు. వేపకూ కొంత గుణముంది. కానీ ఎంత వాడాలి, ఏ జబ్బుకు వాడాలి అన్నది తెలిసి చేస్తేనే వైద్యం.

ఇంకొక్క జాగ్రత్త. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. మూతికి మెత్తటి గుడ్డ కట్టి గానీ పుండు ముట్టుకోవద్దు. చేతికి తొడుగులు వేసుకోండి. మన చేతి మీద గాటు ఉండి దాని మీద కుక్క నాకినా కరిచినట్టే లెక్క. వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. ఇంటి కుక్కకు ఏటా ఆ టీకా తప్పనిసరి.

మోతి సంగతి చెప్పడం మరిచాను. రెండేసి వారాల ఎడంతో మూడు ఇంజక్షన్లు ఇచ్చారు. మొదటి వారం దురద ఏమీ తగ్గలేదు. మా అత్తమ్మ "నేను చెప్పలేదా" అన్నట్టు చూసింది. నాలుగో వారానికి రాత్రిళ్ళు గోకుడు ఆగింది. రెండు నెలలకు చెవుల మీద పట్టులాంటి కొత్త వెంట్రుకలు వచ్చాయి. నూనె కాల్చిన చోట మాత్రం, భుజం మీద అరచేయంత మచ్చ, చివరిదాకా బోడిగానే ఉండిపోయింది. ఆ మచ్చ గజ్జి చేసింది కాదు, నేను చేసింది. ఆ తర్వాత అది తొమ్మిదేళ్ళు బతికింది. ముసలితనంలో దాని మోచేతి కింద వేసిన బొంత ఎవరు కుట్టారనుకుంటున్నారు? మా అత్తమ్మే, తన పాత చీరతో!

పెంచుకున్న కుక్కను తిండీ నీళ్ళూ దొరకని చోట వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. కానీ చట్టం సంగతి అటుంచండి. రేపు మీ వాకిట్లో పక్కులు కట్టిన కుక్క ఒకటి నిలబడితే, "ఛీ, గజ్జికుక్క" అని కర్ర తీసేముందు ఒక్క నిమిషం ఆగండి. అది గజ్జికుక్క కాదు, గజ్జి వచ్చిన కుక్క. గజ్జి పోతుంది, కుక్క మిగులుతుంది. ఆ రెంటికీ ఉన్న తేడా తెలిస్తే చాలు. ఇక సెలవు.